బొటనవేలి లెక్క

ఆటోనగర్ మూడో అడ్డరోడ్డులో
మా కొట్టుకి బోర్డు లేదు.
గుమ్మంలో నిలబెట్టిన పసుపు దిమ్మే బోర్డు.
"జున్నా?" అంటారు బడికెళ్ళే పిల్లలు.
"కాదురా, ముప్ఫై రెండు డెన్సిటీ" అంటాడు మా సిలార్ చిన్నాన్న,
వాళ్ళకేదో అర్థమైపోయినట్టు.

మా తాత దూదేకేవాడు.
విల్లు భుజాన వేసుకుని, నారి మోగించుకుంటూ
కొత్తపేట కొండ మెట్ల సందుల్లో తిరిగేవాడు.
ఆ విల్లిప్పుడు కొట్టు గోడకుంది,
రసీదులు గుచ్చుకోడానికి.
పరుపు మారింది, తుమ్ము మారలేదు.
అప్పుడు దూది, ఇప్పుడు ఫోమ్ పొట్టు.

నా పన్నెండో ఏట చిన్నాన్న నేర్పిన చదువొక్కటే:
"అమ్మీ, బొటనవేలు దించు, వదులు, లెక్కపెట్టు."
ఒకటి అనకముందే లేచిందా, లారీ సీటుకెయ్యి,
కలకత్తా దాకా డ్రైవరు నడుం నిలబడుతుంది.
బద్ధకంగా లేచిందా, సోఫా వీపుకి చాలు.
లేవనే లేదా,
పెళ్ళిళ్ళ అద్దె కుర్చీలకి!
భోజనాలయ్యే దాకా ఆగితే అదే గొప్ప.

గుడ్ల అట్టలా బుడిపెలున్న రకం
కృష్ణలంక కుర్రాడొకడు మోసుకుపోయాడు,
గదంతా అతికించి గొంతు రికార్డు చేస్తాడట.
మర్నాడు అదే తానులో మిగిలిన ముక్కకి సుభాషిణమ్మ వచ్చింది,
మంచం పట్టిన అత్తగారి వీపు పుళ్ళకి.
ఒకరికి చప్పుడాగాలి, ఒకరికి గాలాడాలి.
ఇద్దరికీ మీటరు ఒకటే రేటు.

బ్యాంకు గుమాస్తా వేళ్ళు తడుపుకునే స్పాంజి బిళ్ళ,
హెల్మెట్‌లో చెమట తాగే నల్ల ముక్క,
ఇవి ఊరికే ఇచ్చేస్తాం.
అంతదానికి బేరమేంటి?
చేపల నాంచారయ్య మాత్రం
థర్మోకోల్ పెట్టెక్కూడా అప్పు పెట్టాడు.

బుడమేరు పొంగిన ఏడు
అదే పెట్టెలో ఓ పసిదాన్ని కూర్చోబెట్టి
సింగ్‌నగర్ నించి ఫ్లైఓవర్ దాకా తోసుకొచ్చాడు.
ఆ పిల్లని ఇప్పటికీ వీధంతా 'కొర్రమేను' అనే పిలుస్తుంది.
అప్పు రాసిన కాయితం
చిన్నాన్న విల్లు మీంచి తీసేశాడు.
ట్రాక్టర్లకెత్తిన పరుపులు, ఒక్కోదానికి నలుగురు మనుషులు.
ఆ నెలంతా బొటనవేలు నొక్కితే
బురద నీళ్ళే లేచాయి.

ఈ మధ్య బెంజి సర్కిల్ వైపు వాళ్ళు
మెమరీ ఫోమ్ అడుగుతున్నారు.
అరచెయ్యి అదిమి చూపిస్తాను.
అయిదు వేళ్ళూ అచ్చు పడతాయి,
అయిదు లెక్కపెట్టేలోగా మాయం.
దీనికి జ్ఞాపకమని పేరెట్టిందెవరో గానీ
గుర్తు పెట్టుకునేది చవక ఫోమే.

నిన్న ఓ పాత ఆటో సీటొచ్చింది.
రెగ్జిన్ విప్పితే కుడిపక్క లోతుగా గుంట,
వెనక జేబు పర్సు ఒరుసుకున్న చోట ఇంకో చిన్న గుంట.
"ఎవరిదండీ?"
"ఏమో, ఫైనాన్సోళ్ళు లాక్కొచ్చిన బండి, వేలంలో పాడుకున్నా.
ఆ గొయ్యి నా నడుంకి పడట్లేదు."

తీసి తుక్కు గోనెలో వెయ్యాలి.
అది మిల్లులో నలిగి, జిగురు తాగి, బరువు కింద పడుకుని
రంగురంగుల రీబాండెడ్ దిమ్మై తిరిగొస్తుంది.
అన్నిటికన్నా గట్టిది,
ఎప్పుడూ అడుగు పొరే.

వేసే ముందు
ఆ చిన్న గుంటలో బొటనవేలు పెట్టి, తీసి,
లెక్కపెట్టాను.
పదహారు దాకా వెళ్ళాక
ఎవరో దిండు కావాలని పిలిచారు.