రెండో నీళ్లు

మూడు రోజులకోసారి దగ్గుతుంది కొళాయి,
తెల్లారగట్ల నాలుగింటికి.
ముందు గాలి,
తరవాత తుప్పు,
ఆ తరవాత, ఉంటే, నీళ్లు.
ఆ ఒక్క దగ్గుకి
మా లైనులో ఏడు తలుపులూ తెరుచుకుంటాయి.

బరంపురంలో మాది పట్టుకి రంగేసే ఇల్లు.
ఇదివరకు మురిక్కాలవ చూసి చెప్పేసేవారు
ఎవరింట్లో ఏ రంగు ఉడుకుతోందో.
నేను కాపురానికొచ్చిన ఏడు
కాలవ నెమలికంఠం రంగులో పారుతుంటే
చేతిలో చీపురుతో అలాగే నిలబడిపోయాను.
"కాలవని సూసి మురిసిపోయిన కోడలివి నువ్వొక్కర్తివేనే"
అని నవ్వింది గున్నమ్మత్త.

ఇప్పుడా కాలవలో
చిప్సు పొట్లాలు, వేపాకులు, ఎవరిదో ఎడంకాలి చెప్పు.
పక్కింటి మగ్గం మీద ఏ రంగుందో
అడిగితే తప్ప తెలీదు.

నీళ్లకి మా ఇంట్లో వావివరసలొచ్చాయి.
బియ్యం కడిగినవి తోటకూరకి,
తోటకూర కడిగినవి అంట్లకి,
అంట్లవి దొడ్లోకి.
పట్టు జాడించిన ఆఖరి నీళ్లు గచ్చుకి.
తుడిచి తుడిచి గచ్చు గులాబీ రంగు తేలింది.
మొన్నెవరో ఇల్లు చూడ్డానికొచ్చి
ఈ టైల్సు ఏ కంపెనీవని అడిగారు.

కిలో పట్టుకి ఎన్ని బిందెలో
మావారికి నిద్దట్లో లేపినా నోటికొచ్చు.
తన ఒంటికి మాత్రం నాలుగు చెంబులు.
నాలుగో చెంబు పోసుకునేటప్పుడు
దొంగతనం చేస్తున్నట్టు
తలుపు వైపు చూస్తారు.

ఇంటికొచ్చినవాళ్లకి
గ్లాసు నిండా పోయడమే మర్యాదనుకుని పెరిగాను.
మొదటిసారి సగం పోసి
"చాలకపోతే అడగండి" అన్నప్పుడు
నాలిక కరుచుకున్నాను.
వాళ్లు ఆ సగంలోనూ కాస్త మిగిల్చారు.
ఎంగిలని పారబొయ్యలేదు,
కరివేపాకు మొక్కకి పోశాను.
అది ఎవరి ఎంగిలైనా తాగుతుంది.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం
రంకనిధి ట్యాంకరు దగ్గర
ప్రమీలా అపాకీ నాకూ ఒక బిందె మీద తగువైంది.
తిట్లు ఆవిడవి ఒడియాలో, నావి తెలుగులో.
ఒక్క మాట పొల్లుపోకుండా
ఇద్దరికీ అర్థమయ్యాయి.
పధ్నాలుగేళ్లుగా కూరగిన్నెలు దాటిన గోడ మీదుగా
ఆ రోజు నుంచి ఏమీ దాటలేదు.
ఆ బిందె ఎవరికీ దక్కలేదు కూడా,
తోపులాటలో ఒలికిపోయింది.
ఒలికినచోట పిచ్చుకలు వాలాయి.
ఇద్దరం మాటలాపి కాసేపు చూశాం,
మళ్లీ తిట్టుకున్నాం.

మా మినతికి బడిలో ఒడియా,
సాయంత్రాలు గున్నమ్మత్త దగ్గర తెలుగు.
"పాణి అంటే నీళ్లు కదా?" అంది పిల్ల.
"కాదే, పాణి అంటే చెయ్యి.
చక్రపాణి అంటే చేతిలో చక్రమున్నోడు."
"మరి బడిలో?"
"బడిలో ఏటైనా అనుకో, ఇక్కడ చెయ్యి."
పిల్ల చాలాసేపు పెన్సిలు కొరికింది.
చివరికి రెండు మాటలకీ కలిపి ఒకటే బొమ్మేసింది:
తెరిచిన అరచెయ్యి,
మధ్యలో నీలం చుక్క.
ఇంకాస్త నీలం వెయ్యొచ్చు కదే అంటే
"ఇంతే వచ్చింది" అంది.
రంగు అయిపోయిందో,
లెక్క అలా నేర్చుకుందో
నేనడగలేదు.

ఇవాళ నాలుగింటికి
కొళాయి కింద చెయ్యి పెట్టుకుని కూచున్నాను.
చీకట్లో కళ్లకంటే చెయ్యే నయం,
గాలో నీళ్లో ముందది చెబుతుంది.
అరచేతిలో గాలి.
చాలాసేపు గాలే.

గోడవతల గాజుల చప్పుడు.
నెలన్నర తరవాత ఆ గొంతు,
సగం నిద్రలో, సగం బెట్టులో:
"పాణి ఆసిలా కి?"

వచ్చిందా అని అడుగుతోంది.
నీళ్లనే అడుగుతోంది, నాకు తెలుసు.

నేనేమీ అనలేదు.
తడిసిన చెయ్యి ఎత్తి
గోడ మీదుగా
ఆవిడకి కనిపించేలా పట్టుకున్నాను.