అర్ధ సంవత్సరం రసీదు

పులియాంతోపు జోన్ ఆఫీసు, మూడో కౌంటరు.
నా ముందు పదకొండు మంది,
తిరగని ఫ్యాను కింద.
చేతిలో ఇంటి పన్ను కాగితం.
నిరుడు ఆరువందల పది,
ఇప్పుడు పదకొండు వందల నలభై.
ఇల్లేమీ పెరగలేదు.
అవే రెండు గదులు, అదే రేకు,
వానొస్తే ఒకరి మాట ఒకరికి వినపడని రేకు.
జాకెట్టుకి నూట ఎనభై తీసుకుంటాను నేను.
ఈ కాగితం ఆరు జాకెట్లు, ఒక చెయ్యి.

"ఎందుకు పెంచారు?" అంటే
కోమళవల్లి తలెత్తకుండానే
"మేలేర్ందు వందదు మా" అంది.
పైనుంచి వచ్చిందట.
మా వీధికి పైనుంచి వచ్చేవి రెండే,
వాన, పన్ను.
వచ్చాక పోయే దారి ఉండదు రెండింటికీ.

దారి తవ్వలేదంటే అబద్ధం.
చిత్తిరై నెలలో తవ్వారు,
నడుం లోతు, ఇనప చువ్వలు, చుట్టూ పచ్చ వల.
బిల్లు మంజూరు కాలేదని
కాంట్రాక్టరు చువ్వల్ని మాకొదిలేసి పోయాడు.
వాటి మీద ఏసురత్నం లుంగీలు ఆరేసుకుంటాడు.

బడ్జెట్టు రోజు టీవీలో
రూపాయిని దోసెలా ముక్కలు కోసి చూపించారు.
"ఇందులో మన కాలువకి ఎంతమ్మా?" అంది హేమ.
నేను వెతుకుతూనే ఉన్నాను, బొమ్మ మారిపోయింది.
వడ్డీ ముక్క మాత్రం గుర్తుంది.
ఆ ముక్కని మా ఇల్లు ఎరుగును.
అమ్మ చీటీ ముందే పాడుకున్న ఏడు
ఒకటో తారీకున వడ్డీ తినేది,
మిగిలింది మేం తినేవాళ్ళం.
ఈ ప్రభుత్వమూ ముందే పాడుకుందేమో,
ఏ వంతెనకో, ఎవరి మెప్పుకో.

మా అమ్మ పెంచలమ్మ.
వాళ్ళ తాతని నెల్లూరు నుంచి రైలెక్కించి
చేతికి చీపురిచ్చింది ఈ పట్నం.
అమ్మ ముప్పైయొక్క ఏళ్ళు ఊడ్చింది.
తెల్లారి నాలుగింటికి, పండగ మర్నాడు,
వరద దిగిపోయిన బురదలో.
పర్మినెంటు ఈ నెల, వచ్చే నెల అంటూ ఉండగానే
వార్డుని కంపెనీకి ఇచ్చారు.
పొదుపు, అన్నారు.
ఊడ్చేవాళ్ళవే ముందు ఊడతాయి.

అయినా తిట్టబోతే నోరు సగంలో ఆగుతుంది.
హేమ పుట్టింది కార్పొరేషన్ ఆసుపత్రిలో.
పైసా అడగలేదు. ఆ రాత్రి నర్సమ్మ
తన ఫ్లాస్కులో టీ నాకు పోసింది.
హేమ పొద్దున బడిలో ఉప్మా తింటుంది,
మా ఇంట్లో దానికన్నా జీడిపప్పు ఎక్కువట, నవ్వుతుంది.
ఇక అమ్మ,
పని పోయాక రోజూ గులాబీ బస్సు ఎక్కుతుంది.
ఊరికే ఎక్కుతుంది, ఊరికే దిగుతుంది.
కిటికీలోంచి వేరే వీధులు చూసి వచ్చి
"అడయారులో మూలలు వదిలేస్తున్నారే" అంటుంది.

డబ్బు కట్టాను.
మూడు సార్లు లెక్కపెట్టి, ఒక చినిగిన నోటు తిప్పి ఇచ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ రసీదు చదవమంది.
ఇంటి పన్ను. చదువు పన్ను.
గ్రంథాలయ సెస్సు, తొంభై.
"అదేంటి?"
"పుస్తకాలకి."
"ఎవరి పుస్తకాలకి?"
"మనవే అనుకో."
చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత చెప్పులు వేసుకుంది.

మెయిన్ రోడ్డు చివర గ్రంథాలయం.
తలుపుకి తాళం, తాళం మీద చీటీ.
మూడు శాఖలకి ఒక్కరే ఉద్యోగి,
మంగళ, శుక్ర మాత్రమే. ఈ రోజు బుధ.
వెళ్ళిపోదాం అన్నాను.
అమ్మ మెట్టు మీది ఆకుల్ని కాలితో పక్కకి నెట్టింది,
వంగి, కొంగుతో దులిపింది,
మూలలు కూడా.
కూర్చుని
నాకూ కాస్త చోటు చూపించింది.
"కట్టాం కదా,
కూర్చుందాం."