పదకొండు

గులాబీ రంగు ఫలితాల కాగితాలు
సంచుల్లో వస్తాయి మా దగ్గరికి.
కొన్నిటికి పొగచేపల వాసన, కొన్నిటికి కిరసనాయిలు,
ఒకదాని మూల ఎవరిదో సిరా బొటనవేలు.
సెకొండీలో, టైరు దుకాణం పైగదిలో,
నేనూ ఫీఫీ కూచుని ఎక్కిస్తాం:
బూత్ పేరు, పోలైనవి, చెల్లనివి, ఎవరికెన్ని.
ఏడూ ఒకటీ కలిసిపోయే చేతిరాతలు.
ఎవరో ఒక ఆఫీసరు ఏడుకి నడుము మీద అడ్డగీత గీస్తాడు,
ఆయనకి మనసులోనే దండం పెట్టుకుంటాను.

ఇంకో పట్టికలో మనుషుల చిట్టా.
ఎవరు ఏ పార్టీలో మునిగి ఏ పార్టీలో తేలారు,
సభలో ఎన్నాళ్లు కనపడలేదు,
కోకో గోదాము కమిటీలో ఉన్నప్పుడు
గోదాము మిగిలిందా, కాలిందా.
తిట్టం. పొగడం.
తేదీ రాస్తాం, పక్కన రుజువు అతికిస్తాం.
చాలామందికి తేదీయే తిట్టు.
"అరబా, ఆ రెండువేల ఆరు తీసెయ్యమ్మా" అని ఫోన్లు.
తీయలేనండీ, క్యాలెండరు నాది కాదు.

హర్మటాన్ గాలి కిటికీ సందుల్లోంచి
దుమ్ము చల్లుతున్న ఒక పొద్దున
ఒక ముసలాయన మెట్లెక్కాడు, మూడు చోట్ల ఆగి.
మడత నలగని చొక్కా, కుట్టించుకున్న చెప్పు.
కొబినా అమిస్సా. స్వతంత్రుడు. గుర్తు తెడ్డు.
ఏడుసార్లు నిలబడ్డాడు, ఏడుసార్లూ డిపాజిట్టు గల్లంతు.
ఏదో తీసెయ్యమంటాడనుకున్నాను.
"నేను ఉన్నానా అందులో?" అన్నాడు.

ఉన్నాడు.
గెలిచినవాడు పేపరుకెక్కుతాడు.
ఓడినవాణ్ణి "ఇతరులు" అనే మాట కింద
ముగ్గురితో కలిపి ఒకే గోతిలో పూడుస్తారు.
మేం ఆ గోతిని తవ్వాం, అంతే.
రెండువందల పన్నెండు. నూట నలభై. నూట ఎనభై ఏడు...
నేను చదువుతుంటే ఆయన కళ్లు మూసుకుని
పెళ్లిలో చదివింపులు వింటున్నట్టు విన్నాడు.

"బూత్‌ల వారీగా ఉందా?"
ఉంది. విప్పి చూపించాను.
మెథడిస్టు బడి, బి గది: పదకొండు.
ముందుసారి? పదకొండు.
అంతకుముందు?
మిగతా ఊరంతా పెరిగింది, తరిగింది, మొహం తిప్పుకుంది.
ఆ గది మాత్రం ఇరవై నాలుగేళ్లుగా
లంగరేసిన పడవ.

ఫీఫీ టైపు ఆపేశాడు.
కింద టైరులోకి గాలి ఎక్కుతున్న చప్పుడు.

"ఎవరమ్మా వాళ్లు?
నా ఓటు అక్కడిది కాదు, మా ఆవిడదీ కాదు.
చేపలు కాల్చేవాళ్లా? వలలు అల్లేవాళ్లా?
పోయేలోగా గుమ్మం గుమ్మానికీ వెళ్లి
మేదాసె అని దండం పెట్టొద్దూ?"

లేనిదాన్ని వెతుకుతున్నట్టు కాసేపు నటించాను.
ఆయన బతుకు నా తెర మీద నిలువునా పరిచి ఉంది:
బడిపంతులు, జాలర్ల సంఘం కార్యదర్శి,
ఒక కేసు, దాని కొట్టివేత.
ఓటు అడిగినవాడి ఇంటికి తలుపులుండకూడదు.
వేసినవాడికి ఆ అట్టముక్క చాటు ఉండి తీరాలి.
మా వెలుతురు అక్కడి దాకా వెళ్లి
చెప్పులు విడిచి, బయటే కూచుంటుంది.

"మాకూ తెలీదు పెద్దాయనా. తెలియకూడదు."

చాలాసేపు ఆ అంకె కేసే చూశాడు.
11.
ఇసుకలో పక్కపక్కనే గుచ్చిన రెండు తెడ్లు.
కాపీ అడిగాడు. డబ్బులు తీయబోతే ఫీఫీ చెయ్యి పట్టుకున్నాడు.
కాగితం మడత మీద మడత పెట్టి జేబులో దాచుకుంటూ
"అయితే," అన్నాడు,
"ఎదురైన ప్రతివాళ్లకీ చెప్పుకోవాల్సిందే."

మెట్లు దిగడానికి చాలాసేపు పట్టింది.
మొదటి మేదాసె టైరు కుర్రాడికి దక్కింది.
వాడు తెల్లబోయి పైకి, మా కిటికీ కేసి చూశాడు.
వాడి ఓటు ఏ బూత్‌లోనో
నాకు తెలీదు.