ఖాళీలు వదలరాదు

గురువారం సాయంత్రం ఆరింటికి
విన్నిపెగ్ లైబ్రరీ నేలమాళిగలో
పిల్లల కథల గది మాదవుతుంది.
పొట్టి కుర్చీలు. గోడ మీద నవ్వుతున్న ఎలుగుబంటి.
దాని కింద నా బల్ల, స్టాప్లర్, టిష్యూల డబ్బా.
ఫీజు లేదు. అయినా వచ్చినవాళ్లు కోటు విప్పరు,
ఏ క్షణాన లేచి పొమ్మంటామోనని.

అవే ప్రశ్నలు, ఇరవై రెండేళ్లుగా.
నా జవాబూ ఒకటే, బొమ్మ అరిగిన నాణెం:
"అది పరిస్థితిని బట్టి ఉంటుంది."

మారివిక్ దుమలగాన్ నోటుపుస్తకం తెచ్చింది.
ఇంకొకరి తల్లికి నీళ్లు పోసి, జావ పట్టి
కూడబెట్టిన రోజులన్నీ నిలువు గీతలుగా,
నాలుగింటికి ఒక అడ్డగీతగా.
మధ్యలో నలభై ఒక్క గడులు తెల్లగా,
ఇలోయిలోలో అమ్మ పోయినప్పటివి.
"వీటిని ఎందులో కలపాలి?"
లెక్కలోంచి తీసెయ్యాలన్నాను.
పెన్సిలు అడిగి తీసుకుంది.
కొట్టెయ్యలేదు. వాటి చుట్టూ గీత గీసింది,
లేతమొక్కకు దడి కట్టినట్టు.

తర్వాత గెలా, నెస్తాన్. పెళ్లి నిజమేనని రుజువు కావాలి.
ఫోటోలు ఆరే. ప్రతిదాంట్లో ఒక్కరే,
రెండోవాళ్లు తీస్తున్నారు కనుక.
"వంటింటి కుళాయి గురించి మూడేళ్లుగా పోట్లాడుకుంటున్నాం,
అది పనికొస్తుందా?" అన్నాడతను.
"నాలుగేళ్లు," అంది ఆమె.
ప్లంబరు రసీదు ఉంటే జతచెయ్యమన్నాను.
ప్లంబరును పిలవలేదట. గొడవంతా అందుకేనట.

హబ్తోమ్ వంతు వచ్చేసరికి ఎనిమిది దాటింది.
ఫారం పదేళ్ల చిరునామాలు అడుగుతుంది,
నెల వెంట నెల, మధ్యలో సందు లేకుండా.
సందుంటే కట్ట మొత్తం తిరిగొస్తుంది.
అతనికి ఒకసారి వచ్చింది కూడా.
అస్మారా రాశాం. కస్సాలా రాశాం.
తర్వాత పదకొండు వారాలు.
వీధి?
ఇసుక.
ఇంటి నంబరు?
లారీకి ఉండేది, చెరిపేశారు.
పిన్‌కోడ్ గడి దగ్గర నా పెన్ను ఆగింది.
ఎంతమంది ఉండేవారని అడిగాను,
ఫారంలో ఆ ప్రశ్న లేదు.
వేళ్లు మడిచి పంతొమ్మిది అన్నాడు.
మళ్లీ మడిచి, తర్వాత పదిహేడు అన్నాడు.
ఎలుగుబంటి నవ్వుతూనే ఉంది.

వేరే కాగితం తీసి రాశాను:
"ఈ కాలంలో దరఖాస్తుదారుకు స్థిర చిరునామా లేదు."
చదివించుకుని విన్నాడు.
"ఉంది," అన్నాడు. "ముస్గున్ పక్కన.
రోజూ రాత్రి అక్కడే పడుకున్నాను."
ముస్గున్ ఇప్పుడెక్కడున్నాడని అడగలేదు.
ఆ వాక్యం చేర్చాను, అతను చెప్పినట్టే.
ఆఫీసులో ఏమంటారో తెలియదు.
పరిస్థితిని బట్టి.

తొమ్మిదికి కాపలాదారు ఒబియోరా వచ్చి
లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతాడు.
ఆ రాత్రి ఆఖరి దీపం దగ్గర చెయ్యి నిలిచిపోయింది.
తొమ్మిదేళ్లలో ఏనాడూ కూర్చోని మనిషి
పిల్లల కుర్చీలో కూర్చున్నాడు.
మోకాళ్లు గడ్డాన్ని తాకాయి.
చొక్కా జేబులోంచి కార్డు తీశాడు,
అద్దం తుడిచినట్టు బొటనవేలితో తుడిచాడు.
"నవంబరుతో దీని గడువు తీరింది.
నా గడువూ తీరినట్టేనా?"

అప్పటికి ఏప్రిల్.
చలికాలమంతా, ప్రతి గురువారమూ,
ఈ ప్రశ్నను గుండె మీద జేబులో పెట్టుకుని
"కిందికి దిగి ఎడమవైపు" అంటూ
వచ్చినవాళ్లందరికీ దారి చూపించాడు.

"లేదు," అన్నాను. "గడువు ప్లాస్టిక్కుకి. మీకు కాదు.
కొత్తదానికి దరఖాస్తు పెట్టండి. అది వచ్చేదాకా దేశం దాటకండి."
"నేనెక్కడికి వెళ్తాను," అన్నాడు,
"ఈ తాళాలు ఎవరు వేస్తారు?"

బయట మంచు నల్లబడి కరుగుతోంది.
రోజూ తలుపు మూసి రెండుసార్లు లాగి చూస్తాడు.
ఆ రాత్రి లాగి చూడలేదు.