రెండు గీతలు

ముందు చీమలు చెప్పాయి,
పెరట్లో ఇసక డబ్బా చుట్టూ
విందుకొచ్చినట్టు బారులు తీరి.
తర్వాత నీళ్ల గిన్నె చెప్పింది,
పొద్దున నింపితే మధ్యాహ్నానికి అడుగు కనబడుతూ.
మడమలు నేలకానించి అది నడిచే తీరు చూసి
డాక్టరమ్మ చెప్పింది ఆఖరున:
"మీ బలపానికి షుగరు."

మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ వెనక
రాతిపొడి గుట్ట మీద దొరికిన పిల్లికి,
ఒళ్లంతా ఆ బూడిద రంగే ఉన్న పిల్లికి
ఇంకేం పేరు పెడతాం?

పన్నెండు గంటలకోసారి రెండు యూనిట్లు.
సిరంజి మీద రెండంటే రెండే గీతలు,
మధ్యలో గాలిబుడగ కూడా ఉండకూడదు.
ముందు తిండి, తర్వాత సూది.
చెవి అంచుని గుడ్డతో వెచ్చబెట్టి
టార్చి వెలుగులో నరం వెతికి గుచ్చితే
ఆవగింజంత నెత్తురు.
పాతిక పలకలకి చట్రం బిగిస్తే
నాకొక స్ట్రిప్పు.

మా ఇంట్లో పలకలకి కరువా?
గూట్లో ఒకటి పెట్టుకున్నాం.
నాలుగొందల పన్నెండు. మూడొందల అరవై.
రెండొందల ఎనభై ఎనిమిది.
సూది వేస్తే పక్కన టిక్కు.

ఆ శుక్రవారం లారీకి లోడెత్తి
ఎనిమిదింటికి ఇల్లు చేరాను.
హుస్సేనమ్మ పక్కవీధిలో పెళ్లికూతురికి
నలుగు పెట్టడానికి పోయింది.
పలక నల్లగా, శుభ్రంగా ఉంది.
వేయలేదనుకున్నా.
పిల్లి గిన్నె దాకా వచ్చింది గానీ మూతి పెట్టలేదు.
అది చెబుతూనే ఉంది,
నేను వినలా.
రెండు గీతలు లాగాను.

తొమ్మిదిన్నరకి ఆమె వచ్చి
పసుపు చేతుల్తో అట్టాగే నిలబడిపోయింది.
"ఏడింటికే ఏశా గదయ్యా! టిక్కు పెట్టి పోయా."
పలక తిప్పి చూస్తే వెనకవైపు
మేడ మీది పాప రాసుకున్న మూడో ఎక్కం,
ముప్పై దాకా, ఒక్క తప్పు లేకుండా.

బలపం తల ఊగుతోంది,
ఎవరో అడిగినదానికి కాదు కాదన్నట్టు.
చెవి గుచ్చితే నలభై ఒకటి.
ఫోన్లో డాక్టరమ్మ:
"తీపి, ఏదైనా తీపి, చిగుళ్లకి రాయండి.
గొంతులో మాత్రం పోయకండి."

నాలుగేళ్లయింది ఈ ఇంట్లో చక్కెర లేక.
హుస్సేనమ్మదీ ఇదే జబ్బు.
డబ్బాలన్నీ దులిపి పారబోసింది నేనే.

ఆమె ఏమీ మాట్లాడలేదు.
స్టూలెక్కి, అటక మీద కందిపప్పు డబ్బాలోకి
మోచేతి దాకా చెయ్యి పోనిచ్చి
కాగితం పొట్లం తీసింది.
తాటిబెల్లం.
ఒక మూల కొరికిన పళ్ల గుర్తు.

గోరువెచ్చటి నీళ్లలో కరిగించి
చిటికెన వేలితో పూసింది, పూసింది, పూసింది.
పదింటికి యాభై రెండు.
పదకొండుకి అరవై ఎనిమిది.
పన్నెండుకి మళ్లీ యాభై ఐదు,
అప్పుడు నా కాళ్లు చల్లబడ్డాయి.
రెండింటికి ఎనభై.
కోడి కూసే వేళకి నూట నలభై,
గిన్నెలో చేప ముక్క ఖాళీ.
మేము ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

తప్పిన సూది మళ్లీ పన్నెండు గంటలకి దొరుకుతుంది.
అనుమానమొస్తే వేయొద్దు,
డాక్టరమ్మ ఈ మాట మొదటిరోజే చెప్పింది.
నేను అంకెలే రాసుకున్నాను.

ఇప్పుడు క్యాలెండరూ, చెరగని పెన్నూ.
పాపకి కొత్త పలక ఇచ్చాం, చట్రానికి ఎర్రరంగేసి.
భయపడి నాలుగురోజులు మెట్లు దిగలేదు పిచ్చిది.

కందిపప్పు డబ్బా నేను దించను.
ఎప్పుడైనా, ఆమె లేనప్పుడు
బరువు మాత్రం చూస్తా.
తగ్గినట్టనిపిస్తే కంభం రోడ్డులో
చిన్న అచ్చొకటి కొనుక్కొస్తా.
"పిల్లికి," అంటాను.
"పిల్లికే," అంటుంది,
పొట్లం అందుకుంటూ,
రెండో చేతి వేలు
మీటరు వైపు చాపుతూ.