ఎడమ తలుపు

నూట అరవై డాలర్లు. అంతే.
రిజిస్ట్రేషన్ కట్టగా, రెండు టైర్లు వేయించగా
పిండి కొద్దీ రొట్టె అనుకుని పక్కన పెట్టినవి.

కారు మాగ్నా. ఇరవై రెండేళ్లది.
దాని పాత స్టీరియో
తుమ్మబోయి ఆగిపోయిన మనిషిలా
పాట అందుకునేది, వదిలేసేది.
గుంతలో పడితే మళ్ళీ అందుకునేది.
కోరియోలో రోడ్ల మీద గుంతలు తక్కువ.
అది మా దురదృష్టం.

నార్త్ జీలాంగ్ తుక్కు యార్డులో
స్టావ్రోస్ అనే పెద్దాయన
వెనక భాగం నుజ్జయిన కారులోంచి ఊడదీసి
నలభైకి ఇచ్చాడు, బ్లూటూత్ ఉన్న డెక్కు.
"ముందు వైపు గీత కూడా పడలేదు" అన్నాడు,
సంబంధం మాట్లాడే మధ్యవర్తిలా.
స్పీకర్ల జత డెబ్బై అయిదు,
అట్టపెట్టె చిరిగినందుకు ఎనిమిది తగ్గింపు.
తీగల జోడింపుకి ఇరవై మూడు.
తలుపు గలగలలాడకుండా లోపల అతికించడానికి
ఇంటికప్పు చిల్లులకి వాడే తారు పట్టీ, పంతొమ్మిది.

ఆదివారం. ఇంటి ముందే.
సముద్రం నుంచి ఎముకల్లోకి దిగే గాలి.
తలుపు అట్ట ఊడదీస్తే లోపల
ఎండిన యూకలిప్టస్ ఆకు, అయిదు సెంట్ల బిళ్ళ,
ఫ్యాక్టరీ వాడి స్పీకరు.
ముట్టుకోగానే దాని కాగితం గొంతు
జంతికల పొడిలా రాలిపోయింది.
విరిగిన క్లిప్పులు మూడు.
తిట్లు లెక్కపెట్టలేదు.

తెల్ల తీగ ఎడమకి, బూడిద రంగుది కుడికి.
పసుపు ఎప్పుడూ మేలుకుని ఉండేది,
ఎరుపు తాళం తిప్పితేనే లేచేది.
పళ్ళ మధ్య స్క్రూలు పెట్టుకుని
ఈల వేయబోయి ఒకటి మింగినంత పని చేశాను.

సాయంత్రం ఆసుపత్రి లాండ్రీ నుంచి వసుమతి వచ్చింది.
ఎడమ సీటు తుడిచి కూర్చోబెట్టాను.
"కళ్ళు మూసుకో.
ఎడమ పక్క వీణ, కుడి పక్క మృదంగం.
విడివిడిగా వినిపిస్తున్నాయా, చెప్పు."

కళ్ళు మూసుకుంది. తల ఊపింది, మృదంగానికి.
వీణ ఆమెదాకా వచ్చిందేమో,
పక్కింటి పోపు వాసనంత.

మర్చిపోయాను.
పదకొండేళ్లుగా రోడ్డు మీద
ఎప్పుడూ ఆమె కుడి పక్కనే నడిచేవాణ్ణి
మర్చిపోయాను.
పెళ్ళికి ముందటేడు జ్వరం ఎత్తుకుపోయిన ఎడమ చెవి.
ఆ చెవి పక్కనే, ఆ తలుపులోనే
ముప్పై మూడున్నర డాలర్ల స్పీకరు
తారు పరుపు మీద పడుకుని
ఎవరికోసమో వాయిస్తోంది.

శంఖం గురించిన సామెత ఒకటి
నాలుక చివరిదాకా వచ్చింది.
స్క్రూ అయినా ఇంతకంటే తేలిగ్గా దిగేది.

"బాగుంది" అంది తను. "వీణ అన్నావు, ఏదీ?"

రాత్రి వంటగట్టు మీద కూర్చుని
ఫోను సెట్టింగులు అడుగుదాకా తవ్వితే
దొరికింది చిన్న మీట, మోనో.
రెండు పక్కల శబ్దాన్నీ కలిపి
రెండు పక్కలకీ ఒకేలా పంచేది.
ఖర్చు సున్నా.

మర్నాడు ఆమె తెల్లవారుజాము షిఫ్టుకి
రిఫైనరీ దీపాలు దాటుతుంటే
వీణ కుడి పక్కకి వచ్చింది.
వసుమతి ఏమీ అనలేదు.
కాసేపటికి ఎడమ అరచెయ్యి
తలుపు మీద ఆనించింది, జ్వరం చూసినట్టు.
"ఇక్కడా ఉంది మృదంగం" అంది.
"చేతికి వినిపిస్తోంది."

నాకు మాత్రం ఇప్పుడు వీణా మృదంగమూ
పప్పన్నంలా ఒకటే ముద్ద.
ఒక్కణ్ణే వెళ్ళేటప్పుడు మీట మార్చుకోవచ్చు.
రెండుసార్లు మార్చాను.
మూడోసారి గుర్తు రాలేదు.

అన్నీ బిగించాక ఒక స్క్రూ మిగిలింది.
ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు.
బూడిదపెట్టెలో పడేశాను.
మలుపు తిరిగినప్పుడల్లా టిక్కుమంటుంది.
"ఏదో మోగుతోంది, ఎటునుంచి?" అని
వసుమతి వెనక సీటు వైపు తిరుగుతుంది.
ఒంటి చెవికి దిక్కులు తెలియవు.

నిన్న గ్లవ్ బాక్సంతా ఒళ్ళోకి ఖాళీ చేసింది.
పాత సర్వీసు రసీదులు, రబ్బరు బ్యాండు,
పోయిందనుకున్న నా కళ్ళజోడు.

స్క్రూ సంగతి ఇంకా చెప్పలేదు.