ఖాళీ వరస

జీపు దుమ్ము కనపడంగానే
లెక్కల పుస్తకం చొక్కాలోకి దోపుకున్నా.
కనిగిరి దాటినాక, మంచినీళ్ళ పైపుకి
కాలవ తవ్వుతున్నాం.
ఏడడుగుల లోతు, మనిషి పట్టేంత వెడల్పు.
లోపల పెంచలయ్య, వాడి బామ్మర్ది జోజి.
మనుషులు కనపడరు,
పలుగుల చప్పుడే పైకొస్తా ఉంది.

"భద్రతాఫీసోళ్ళంట" అన్నాడు జేసీబీ కుర్రాడు.
కడుపులో దేవినట్టయింది.
చేతులు మారి మారి నాకొచ్చిన పని ఇది.
ఒంగోల్లో వడ్డీ, పామూరులో సిమెంటు బాకీ.
అయిదొందల నోట్లు నాలుగు
మడత మీద మడత పెట్టి
గుప్పిట్లో తయారుగా ఉంచుకున్నా.

దిగినావిడ నా గుప్పిటి వైపు చూళ్ళేదు.
కాలవ అంచుకి కాస్త ఎడంగా గొంతుక్కూర్చుని
ఒక రేగడి గడ్డ తీసుకుని
బొటనవేలుతో నొక్కింది,
సంగటి ఉడికిందో లేదో మా అమ్మ చూసినట్టు.
వేలు మెత్తగా దిగింది.
"నాయనా, ఇద్దరూ పైకి రండి,
నీళ్ళు తాగి మాట్లాడుకుందాం."
పెంచలయ్య ఎక్కడానికి నా చెయ్యందుకున్నాడు.
"నిచ్చెన లేదా?" అంది.
కోప్పడలేదు. అదే ఎక్కువ తగిలింది.

పుస్తకం నేనే తీసిచ్చా, ఎందుకో.
ఖర్చులు చూస్తే జాలిపడుద్దనుకున్నానేమో.
తిప్పతా తిప్పతా ఒక పేజీ కాడ ఆగింది.
పొదిలి పని, మూడేళ్ళ కిందటిది:
ఏసోబు ఆసుపత్రి, పదకొండు వేలు.
ఏసోబు పెట్టె, బండి, నాలుగున్నర.
ఏసోబు పెళ్ళానికి ఇరవై, ఇంకా ఇయ్యాల్సింది...
అక్కడ నా పెన్ను ఆగిపోయింది.
ఏమీ అడగలేదు ఆమె.
మెల్లగా కొత్త పేజీ తీసి
పైపు మీద నా పక్కన కూర్చుంది.

"మట్టంతా అంచు మీదే పోశావు.
దాని బరువు ఎటు పోద్ది, చెప్పు?
మూడడుగులు ఎనక్కి లాగించు.
గోడ నిలువుగా ఉంచబాక, వాలుగా చెక్కించు.
చోటు లేని కాడ చెక్కలు, అడ్డకర్రలు,
నీ సెంట్రింగు సామానే, కొత్తది కొనబళ్ళా."
"ఖర్చు మేడం?"
"జేసీబీ రెండు గంటలు. రాయి" అంది. రాశా.
"వారానికి మళ్ళా వస్తా.
అప్పటికీ ఇట్టాగే ఉంటే
రాసేది నువ్వు కాదు, నేను."
జోజి నవ్వాపుకోలేకపోయాడు.

పోతా పోతా సుద్దముక్కతో
పైపు మీద నంబరేసింది. కింద పేరు, గౌసియా.
ఇంత ఎండలో ఎందుకు తిరుగుతారంటే
"ఆఫీసులో ఫాను తిరగదులే" అంది.
నోట్లు గుప్పిట్లో చెమటకి తడిసినయ్.
వాటితోనే ఆ సాయంత్రం నిచ్చెన కొన్నా.
నూట యాభై మిగిలితే అందరికీ టీ.

నాలుగో రాత్రి వెలిగండ్ల వైపు మెరిసింది.
తొమ్మిదింటికి, జంకతానే, ఫోన్ చేశా.
గిన్నెల చప్పుడు. "తింటున్నా, చెప్పు."
"వానొచ్చేట్టుంది మేడం."
"పొద్దున ఎవుర్నీ దించబాక.
ముందు నువ్వు అంచుకి ఎడంగా నడిచి చూడు.
సన్న పగులు కనపడినా ఆపు, నాకు చెప్పు."
తెల్లారకముందే టార్చీ పట్టుకుని నడిచా
మైలు పొడుగునా, తడిమట్టి వాసనలో.
పొదిలిలో ఆ పొద్దు కూడా
ఇట్టాంటి వాసనే.
అప్పుడు అడగడానికి నంబరు లేదు నా దగ్గర.
అడగొచ్చని కూడా తెలీదు.

పైపు దిగింది. కాలవ పూడ్చాం.
పళ్ళకి గార కట్టిన పిలకాయలు
కుళాయి కింద దోసిళ్ళు పట్టారు.
ఏమీ జరగలేదు.
జరగనిదాన్ని ఏ పేపరోడు రాస్తాడు?

నా పుస్తకంలో మాత్రం ఉంది:
జేసీబీ రెండు గంటలు, రెండు వేల నాలుగొందలు.
నిచ్చెన, పద్దెనిమిదొందల యాభై.
దాని కింద ఒక వరస, ఖాళీగా.
దాని మీద చెయ్యి పెట్టి కూర్చునుంటే
కూలి లెక్కపెట్టుకుంటా పెంచలయ్య
"రేపు ఎన్నింటికి రావాల?" అన్నాడు.